విన్చెంజో లాంచా

విన్చెంజో లాంచా (ఆగష్టు 24, 1881 - ఫిబ్రవరి 15, 1937) ఇటలీ దేశానికి చెందిన ప్రసిద్ధ కార్ల నిర్మాత, పందెపు కార్ల చోదకుడు, తన పేరిట వెలసిన లాంచా కంపెనీ వ్యవస్థాపకుడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇటలీలో తయారైన ఖరీదైన కార్ల రూపకల్పనలో ఇతని పాత్ర విశిష్టమైనది. అడుగున వేరుగా ఛాసిస్ లేకుండా బాడీనే కారు భారం మొత్తం మోసేలా నిర్మించిన లాంబ్డా (1922), గాలి నిరోధాన్ని తగ్గించే రూపంతో వచ్చిన అప్రీలియా (1937) ఇతని కృషికి ముఖ్యమైన నిదర్శనాలు. లాంచాకు ఇంజనీరింగ్ పట్టా లేదు. సైకిళ్ళ కార్ఖానాలో పద్దులు వ్రాసే గుమాస్తాగా జీవితం మొదలుపెట్టి, కార్లను నడుపుతూ వాటి లోపాలను తెలుసుకొని, ఆ అనుభవంతోనే నిర్మాతగా ఎదిగాడు.

ఇటాలియన్ ఉచ్చారణను బట్టి ఇతని ఇంటిపేరు లాంచా. ఆంగ్ల అక్షరాలను అనుసరించి లాన్సియా అని వ్రాయడం కూడా కనిపిస్తుంది. ఆ భాషలో ఈ మాటకు బల్లెం అని అర్థం. అందుకే 1911లో కార్లో బిస్కరెట్టి రూపొందించిన కంపెనీ చిహ్నంలో చక్రంతో పాటు బల్లెం, దానికి కట్టిన జెండా కనిపిస్తాయి.

బాల్యము, తొలి ఉద్యోగము

విన్చెంజో ఆల్ప్స్ పర్వతాల ఒడిలో, పీడ్‌మాంట్ ప్రాంతంలోని ఫొబెల్లో అనే చిన్న గ్రామంలో జన్మించాడు. నలుగురు సంతానంలో ఇతడే చివరివాడు. తండ్రి జుసెప్పె లాంచా దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాకు వెళ్ళి, డబ్బాలలో నిలువచేసే ఆహార పదార్థాల వ్యాపారంలో బాగా గడించి స్వదేశానికి తిరిగివచ్చాడు. కుటుంబానికి ఫొబెల్లోలో ఒక ఇల్లు, ట్యూరిన్ నగరంలో మరొక ఇల్లు ఉండేవి.

కుమారుడు చదువుకొని గౌరవప్రదమైన ఉద్యోగం చేయాలని తండ్రి కోరిక. విన్చెంజోకు లెక్కలు తెలుసు గాని చదువు మీద ధ్యాస తక్కువ. ఈ సమస్యకు పరిష్కారం ఇంటి పెరటిలోనే దొరకడం విశేషం. ట్యూరిన్ ఇంటి ఆవరణలో కొంత భాగాన్ని జొవాన్ని బాటిస్టా చెయిరానో అనే సైకిళ్ళ తయారీదారు అద్దెకు తీసుకొన్నాడు. అప్పట్లో ఇంగ్లీషు సైకిళ్ళకు గిరాకీ ఎక్కువ. అందుచేత అతడు తన సైకిళ్ళకు వెల్‌ఐస్ అనే ఇంగ్లీషు ధ్వని గల పేరు పెట్టి అమ్మేవాడు. 1898లో విన్చెంజో ఆ సంస్థలో గుమాస్తాగా చేరాడు. పేరుకు పద్దులు వ్రాసే ఉద్యోగమైనా, అతని పగలంతా మరమ్మత్తు బల్లల దగ్గరే గడిచేది. తరువాతి కాలంలో గొప్ప పందెగాడిగా పేరు తెచ్చుకొన్న ఫెలిచె నజ్జారో కూడా ఆ రోజులలో అక్కడే పని నేర్చుకొంటున్న కుర్రవాడు.

చెయిరానో సంస్థలో అరిస్టిడె ఫచ్చోలి అనే ఇంజనీరు ఒక చిన్న మోటారు బండిని రూపొందించాడు. 1899 జూలైలో ట్యూరిన్‌లో ఫియట్ సంస్థ ఏర్పడగానే, దాని భాగస్వాములు ఈ బండి హక్కులతో పాటు చెయిరానో కార్ఖానాను, అందులో పనిచేసేవారిని కూడా తీసుకొన్నారు. ఆ విధంగా పద్దెనిమిదేళ్ళ లాంచా ఫియట్ ఉద్యోగి అయ్యాడు. తయారైన కార్లను నడిపి పరీక్షించడం అతని పని. ఇంజను శబ్దాన్ని విని ఎక్కడ దోషముందో చెప్పగలిగిన నేర్పు అతనికి అక్కడ పేరు తెచ్చింది.

పందెములు

కారు నాణ్యతను ప్రజలకు చూపడానికి ఆ రోజులలో పందెమే తగిన మార్గం. ఫియట్ తన పరీక్షకులైన లాంచాను, నజ్జారోను పందెములకు పంపింది. లాంచా అతివేగంగా నడిపేవాడు. ఆరంభంలో అందరికంటే ముందుండి, చివరికి కారు చెడిపోయి వెనుకబడిన సందర్భాలు అనేకం. 1904లో బ్రెషియాలో జరిగిన కోప్పా ఫ్లోరియో పందెంలో గెలిచాడు. 1905లో ఫ్రాన్సులో జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెంలో ముందంజలో ఉండగా రేడియేటర్ దెబ్బతిని విరమించవలసి వచ్చింది. అదే సంవత్సరం అమెరికాలో వాండర్‌బిల్ట్ కప్పు పందెంలో చాలా దూరం ముందున్నవాడు, వాల్టర్ క్రిస్టీ నడుపుతున్న కారుతో ఢీకొని నాలుగవ స్థానంతో సరిపెట్టుకొన్నాడు. 1907 టార్గా ఫ్లోరియోలో నజ్జారో మొదటివాడుగా, లాంచా రెండవవాడుగా నిలిచారు.

గెలుపుల పట్టిక చూస్తే నజ్జారోదే పైచేయి. కాని ఏ రోడ్డు మీద ఏ భాగం ముందుగా విరుగుతుందో లాంచాకు ఈ పందెములే నేర్పాయి.

స్వంత కంపెనీ

1906 నవంబరులో లాంచా, ఫియట్‌లో తన సహోద్యోగి అయిన క్లౌడియో ఫొగొలిన్‌తో కలిసి ట్యూరిన్‌లో లాంచా కంపెనీని స్థాపించాడు. మరి కొంతకాలం, అనగా 1908 వరకు, ఫియట్ తరఫున పందెములలో పాల్గొంటూనే ఉన్నాడు. ఆరంభంలోనే పెద్ద ఆపద ఎదురయింది. 1907 ఫిబ్రవరిలో కార్ఖానాలో అగ్నిప్రమాదం జరిగి, నమూనా భాగాలు, చిత్రపటాలు చాలావరకు కాలిపోయాయి. పని మళ్ళీ మొదటినుండి చేయవలసి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో మొదటి కారు సిద్ధమయ్యాక చూస్తే, కార్ఖానా ద్వారం దానికి చాలలేదని, గోడను పగులగొట్టి బయటకు తీశారని చెబుతారు.

తరువాత ఆల్ఫా అని పిలువబడిన ఈ కారును 1908 జనవరిలో ట్యూరిన్ ప్రదర్శనలో ఉంచారు. నాలుగు సిలిండర్ల ఇంజను 1,800 చుట్లు తిరిగి 28 అశ్వశక్తిని ఇచ్చేది. సమకాలీన కార్ల ఇంజనుల కంటే ఇది చిన్నది, వేగంగా తిరిగేది. అప్పటికి అనేక పెద్ద కార్లలో వెనుక చక్రాలను గొలుసు త్రిప్పుతుండగా, లాంచా ఇనుప దండం ద్వారా శక్తిని అందించాడు. ఈ నమూనా కార్లు 108 తయారయ్యాయి. కార్లకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టమని సలహా ఇచ్చినది ఇతని అన్న జొవాన్ని. అతడు ప్రాచీన భాషలు చదివిన పండితుడు. బీటా, గామా, డెల్టా అంటూ సాగిన ఈ వరుసలో 1913లో వచ్చిన తీటా ప్రత్యేకించి పేర్కొనదగినది. విద్యుత్ దీపాలు మొదలైనవి కొనుగోలుదారు అదనంగా బిగించుకొనే సామగ్రిగా ఉన్న కాలంలో, ఐరోపాలో విద్యుత్ వ్యవస్థ మొత్తాన్ని కారులో అంతర్భాగంగా ఇచ్చిన మొదటి కారుగా దీనిని పేర్కొంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కంపెనీ ట్రక్కులు తయారుచేసింది. ఇటలీ సైన్యం వాడిన సాయుధ శకటాలకు కూడా లాంచా ఛాసిస్‌లే ఆధారం.

ఇరుకు కోణపు ఇంజను

లాంచా కార్లను ఇతర కార్లనుండి వేరుచేసే లక్షణం ఇంజను ఆకారం. నాలుగు సిలిండర్లను ఒకే వరుసలో నిలిపితే ఇంజను పొడవవుతుంది. రెండు వరుసలుగా విడదీసి ఆంగ్ల అక్షరం వి ఆకారంలో వాల్చితే పొడవు తగ్గుతుంది గాని వెడల్పు పెరుగుతుంది. లాంచా మధ్యేమార్గం ఆలోచించాడు. రెండు వరుసల మధ్య కోణాన్ని 13, 14 డిగ్రీలకు కుదిస్తే అవి దాదాపు ఒకదానినొకటి అంటుకొని ఉంటాయి. వాటిపై ఒకే మూత సరిపోతుంది. ఇంజను పొట్టిగా, సన్నగా, గట్టిగా ఉంటుంది. ముందుభాగం పొడవు తగ్గిన మేరకు ప్రయాణికులకు చోటు మిగులుతుంది.

యుద్ధం ముగిసిన వెంటనే 1919లో ఈ పద్ధతిలో 12 సిలిండర్ల పెద్ద కారును పారిస్, లండన్ ప్రదర్శనలలో ఉంచాడు. కాని యుద్ధానంతర పరిస్థితులలో అంత ఖరీదైన కారును అమ్మడం కష్టమని గ్రహించి ఉత్పత్తి చేయలేదు. 1922లో 14 డిగ్రీల కోణంతో 8 సిలిండర్ల ట్రైకప్పా వెలువడింది.

లాంబ్డా

ఆనాటి కారు గుర్రపు బగ్గీకి వారసురాలు. ఎడ్లబండికి నొగలు ఎలాగో, కారుకు ఛాసిస్ అలాగ: రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలిపే అడ్డ కమ్మీలు. ఇంజను, చక్రాలు వాటికే బిగిస్తారు. కర్రతోను, రేకుతోను చేసిన బాడీని తెచ్చి పైన కూర్చోబెడతారు. ఈ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. గతుకుల రోడ్డుపై దూలాలు మెలికపడతాయి. వాటితో పాటు బాడీ అతుకులు కదిలి కిర్రుమంటాయి. దూలాల పైన నేల, నేల పైన ఆసనాలు అమర్చడం వలన మనుషులు ఎత్తున కూర్చోవలసివస్తుంది. మలుపులో కారు ఒరుగుతుంది.

ఓడకు దూలాల చట్రం పైన వేరే డొల్ల ఉండదు, డొల్లే ఓడ. కారును కూడా అలాగే ఎందుకు కట్టరాదన్న ఆలోచన లాంచాకు ఓడలను చూసి కలిగిందని అంటారు. 1918 డిసెంబరులో ఈ పద్ధతికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశాడు. దానిని కారుగా మలచిన ఇంజనీర్లలో ముఖ్యుడు బాటిస్టా ఫల్కెట్టో. లాంచా మాటలలో చెప్పిన భావాన్ని అతడు కాగితం మీదకు తెచ్చేవాడు.

లోపల అడ్డు గోడలున్న రేకు పెట్టెను మెలిపెట్టినా త్వరగా వంగదు. లాంబ్డాలో చేసినది ఇదే. ఉక్కు రేకు ప్రక్కలను, ఇంజను వెనుకనున్న అడ్డు గోడను, ఆసనాల వెనుక పలకలను రివెట్లతో బిగించి ఒకే నిర్మాణంగా చేశారు. ఆసనపు వీపు కేవలం ఆనుకోవడానికే గాక కారును నిలబెట్టడానికి కూడా ఉపయోగపడింది. వెనుక చక్రాలకు శక్తిని అందించే దండం కోసం నేల మధ్యలో సొరంగం వంటి కాలువ నిర్మించారు. దాని రెండు ప్రక్కలా కాళ్ళు క్రిందికి దిగాయి, ఆసనాలు క్రిందికి దిగాయి, కారు మొత్తం రోడ్డుకు దగ్గరయింది. ఈనాటి కార్లలో కాళ్ళ మధ్య కనిపించే ఎత్తు ఆ సొరంగానికి వారసత్వమే.

ముందు చక్రాల అమరిక వెనుక ఒక కథ ప్రచారంలో ఉంది. లాంచా తన తల్లితో కప్పా కారులో ఫొబెల్లోకు వెళ్తుండగా ముందు వైపు కమాను కట్ట విరిగి ప్రమాదం తృటిలో తప్పింది. తిరిగివచ్చిన వెంటనే, రెండు ముందు చక్రాలను కలిపే ఇరుసు అక్కరలేని పద్ధతి కావాలని ఫల్కెట్టోను కోరాడు. ఫల్కెట్టో అనేక చిత్రాలు గీయగా వాటిలో ఒకటి ఎంపికయింది. ప్రతి ముందు చక్రం ఒక నిలువు గొట్టం వెంట పైకి క్రిందికి జారుతుంది. గొట్టంలో చుట్ట స్ప్రింగు, కుదుపును అణచే నూనె ఉంటాయి. ఒక చక్రం గుంటలో పడితే రెండవ దానికి ఆ దెబ్బ తగలదు. నాలుగు చక్రాలకూ బ్రేకులు కల్పించారు. అప్పటికి అనేక కార్లకు వెనుక చక్రాల బ్రేకులే గతి.

1921లో నమూనా రోడ్డెక్కింది. 1922 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో లాంబ్డాను ప్రజల ముందుంచారు. 13 డిగ్రీల కోణపు నాలుగు సిలిండర్ల ఇంజను పరిమాణం 2,120 సి.సి., శక్తి 49 అశ్వశక్తి. అంకెలలో ఇది గొప్పగా కనిపించదు. కాని తేలికైన, దృఢమైన, రోడ్డును అంటిపెట్టుకొని మలుపులు తిరిగే ఈ కారుతో కొండదారులలో అంతకంటే ఎంతో బలమైన ఇంజనులున్న కార్లు పోటీ పడలేకపోయాయి. 1931 వరకు తొమ్మిది వరుసలుగా మార్పులు పొందుతూ సుమారు 13,000 కార్లు తయారయ్యాయి. పందెములలో ఎదిగినవాడైనా లాంచా తన కంపెనీని మాత్రం పందెములకు దూరంగానే ఉంచాడు. 1927లో మొదలైన మిల్లె మిల్యా వంటి పోటీలలో లాంబ్డాలను నడిపినవారు ముఖ్యంగా వాటి యజమానులే.

బాడీ నిర్మాతలతో చిక్కు

లాంబ్డా గొప్పతనమే దానికి అడ్డంకి కూడా అయింది. ఆ కాలంలో ధనికుడు కారు కొనడమంటే ఛాసిస్‌ను కొని, దానిని పేరున్న బాడీ నిర్మాత వద్దకు పంపి, తన అభిరుచికి తగినట్లు బాడీ కట్టించుకోవడం. దర్జీ వద్ద కొలతలిచ్చి కోటు కుట్టించుకోవడం వంటిదే ఇది. ఇటలీలో ఖరీదైన కార్లన్నీ ఇలాగే నడిచేవి. మిలాన్‌కు చెందిన ఇసొట్టా ఫ్రాస్కిని 1919లో జుస్టినో కట్టానెయో రూపొందించిన టీపో 8 ను, వరుసగా నిలిపిన ఎనిమిది సిలిండర్ల ఆ మహా శకటాన్ని, ఛాసిస్‌గానే అమ్మేది. కస్టాన్య వంటి సంస్థలు దానిపై రాజభవనాల వంటి బాడీలు కట్టేవి. అదే నగరానికి చెందిన ఆల్ఫా రొమెయోలో విట్టోరియో యానో రూపొందించిన కార్లు కూడా ఈ నిర్మాతల చేతులలోనే అందాన్ని సంతరించుకొన్నాయి. లాంబ్డాకు ఛాసిస్సే లేదు. మరి బాడీ నిర్మాత దేనిమీద బాడీ కట్టాలి?

పైగా మొదటి లాంబ్డా పైకప్పు లేని కారు. మూసి ఉన్న కార్లకు గిరాకీ పెరుగుతున్న కొద్దీ ఇది లోపంగా కనిపించింది. 1926లో వచ్చిన ఏడవ వరుసలో, తన సిద్ధాంతం కొంత ప్రక్కకు పెట్టి, బాడీ నిర్మాతల కొరకు వేరుగా ఛాసిస్‌ను కూడా అమ్మడం ప్రారంభించాడు. 1929 జనవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో కనిపించిన డైలాంబ్డాకు పేరు మాత్రమే లాంబ్డాది. అది పూర్తిగా ఛాసిస్ గల కారు. 24 డిగ్రీల కోణంలో ఎనిమిది సిలిండర్లు, 3,960 సి.సి., 100 అశ్వశక్తి. అమెరికాలోనే కార్లు తయారు చేయించాలన్న పథకం బెడిసికొట్టగా ఈ కారు ఐరోపా ధనికులకే పరిమితమయింది. ఆర్థిక మాంద్యం ముంచుకొస్తున్న సంవత్సరంలో ఇంత పెద్ద కారును తేవడం దురదృష్టమే అనాలి.

1931లో ఆర్టెనా, అస్టూరా వచ్చాయి. గ్రీకు అక్షరాల స్థానంలో ఇటలీలోని స్థలాల పేర్లు పెట్టడం వీటితో మొదలయింది. ఎనిమిది సిలిండర్ల అస్టూరా 1930లలో బాడీ నిర్మాతలకు ఎంతో ప్రీతిపాత్రమయింది. వారిలో పినిన్ అనే ముద్దుపేరు గల బాటిస్టా ఫరీనా ముఖ్యుడు. 1930లో అతడు ట్యూరిన్‌లో స్వంత సంస్థ స్థాపించినప్పుడు అండగా నిలిచినవారిలో లాంచా ఒకడు. డైలాంబ్డా, అస్టూరా ఛాసిస్‌లపై ఫరీనా కట్టిన బాడీలు ఆ సంస్థకు తొలి కీర్తిని తెచ్చాయి. వేరుగా బాడీ అక్కరలేని కారును కనిపెట్టినవాడే బాడీ నిర్మాతకు చేయూతనివ్వడం విచిత్రంగా తోచవచ్చు. కాని కొనేవారి కోరికను తోసిపుచ్చి కంపెనీని నడపడం సాధ్యం కాదని అతనికి తెలుసు.

ఔగుస్తా, అప్రీలియా

తన మూల సిద్ధాంతాన్ని లాంచా చిన్న కార్ల ద్వారా మళ్ళీ చేపట్టాడు. 1933లో ఉత్పత్తి మొదలైన ఔగుస్తా 1,196 సి.సి. కారు. లాంబ్డా వలె దీనికీ ఛాసిస్ లేదు. అయితే ఈసారి పైకప్పు కూడా నిర్మాణంలో భాగమై భారాన్ని పంచుకొన్నది. ముందు, వెనుక తలుపుల మధ్య స్తంభం లేకుండా, రెండూ ఎదురెదురు దిక్కులకు తెరుచుకొనేవి. బ్రేకులు నూనె ఒత్తిడితో పనిచేసేవి. చిన్న కారులో ఇంతటి నాణ్యత ఆ రోజులలో అరుదు.

1934లో దీని తరువాతి కారుకు పని ప్రారంభమయింది. తక్కువ బరువు, తక్కువ పెట్రోలు, ఐదుగురికి చోటు, మంచి వేగం కావాలని లాంచా కోరాడు. ఇంజను బలాన్ని పెంచకుండా వేగం రావాలంటే గాలి అడ్డును తగ్గించాలి. ఇందుకోసం ట్యూరిన్ పాలిటెక్నిక్ సహాయంతో నమూనాలను పరీక్షించారు. గాలి నిరోధ గుణకం 0.47 కు దిగింది. ఆనాటి సాధారణ కార్లతో పోలిస్తే ఇది చాలా తక్కువ. వెనుక భాగం వాలుగా తేలి ఉంటుంది. నాలుగు చక్రాలూ దేనికది విడిగా కదులుతాయి. వెనుక బ్రేకులను చక్రాల వద్ద గాక కారు మధ్యన బిగించి, చక్రం మోసే బరువును తగ్గించారు. 1,352 సి.సి. ఇంజనుతో గంటకు 125 కిలోమీటర్లకు పైగా వేగం సాధ్యమయింది. ఈ కారుకు అప్రీలియా అని పేరు. రోమ్‌కు దక్షిణాన చిత్తడి నేలలను ఎండగట్టి 1936లో స్థాపించిన క్రొత్త పట్టణానికి కూడా ఇదే పేరు.

తయారైన నమూనాను లాంచా స్వయంగా ట్యూరిన్ నుండి బొలోన్యా దారిలో నడిపి చూశాడు. ఏ కారులోనైనా లోపమే ముందుగా వెదికే ఆ మనిషి ఈ కారుతో సంతృప్తి చెందాడని చెబుతారు. 1936 అక్టోబరులో దీనిని పారిస్‌లో ప్రదర్శించారు.

వ్యక్తిగత జీవితము

లాంచా భారీ మనిషి, భోజన ప్రియుడు. జర్మన్ సంగీతకర్త వాగ్నర్ రచనలంటే ప్రాణం. సన్నిహితులు పీడ్‌మాంట్ యాసలో సెన్సిన్ అని పిలిచేవారు. కంపెనీ అధిపతి అయిన తరువాత కూడా క్రొత్త నమూనాను ముందుగా తానే నడిపి చూడడం మానలేదు. 1922లో, తన కార్యదర్శిగా పనిచేసిన అడెలె మిల్యెట్టిని వివాహం చేసుకొన్నాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు. కుమారుడు జాన్ని 1924లో జన్మించాడు.

మరణము, అనంతర కాలము

1937 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ట్యూరిన్‌లో గుండెపోటుతో లాంచా మరణించాడు. అప్పటికి అతని వయసు 55 సంవత్సరాలు. అప్రీలియా ఉత్పత్తి అప్పుడే ఆరంభ దశలో ఉన్నది. ఒక్క కారు కూడా కొనుగోలుదారు ఇంటికి చేరడం అతడు చూడలేదు. స్వగ్రామమైన ఫొబెల్లోలో అతనిని సమాధి చేశారు.

కుమారుడు పన్నెండేళ్ళ బాలుడు కావడంతో కంపెనీ బాధ్యతను భార్య అడెలె స్వీకరించింది. ఆల్ఫా రొమెయోను విడిచిన విట్టోరియో యానో కొద్దికాలంలోనే లాంచాలో చేరాడు. అప్రీలియాకు మంచి ఆదరణ లభించింది. యుద్ధకాలపు ఆటంకాలను తట్టుకొని 1949 వరకు తయారయింది. బాడీ నిర్మాతల కొరకు అమ్మిన విడి ఛాసిస్‌లతో కలిపి మొత్తం సంఖ్య 27,000 దాటింది. అంటే ఈ కారు విషయంలో కూడా దర్జీ కోటు కోరేవారి మాట కంపెనీ పూర్తిగా కాదనలేకపోయింది.

యుద్ధం తరువాత జాన్ని లాంచా పగ్గాలు చేపట్టాడు. 1950లో వచ్చిన ఔరేలియా ఆరు సిలిండర్ల వి ఆకారపు ఇంజనుతో పేరు పొందింది. తండ్రి దూరంగా ఉంచిన పందెములలోకి కుమారుడు కంపెనీని దించాడు. యానో రూపొందించిన డి50 కారు 1954లో ఫార్ములా వన్ పోటీలలో ప్రవేశించింది. ఆ ఖర్చుతో పాటు ఇతర కష్టాలు తోడై 1950ల మధ్యలో కుటుంబం కంపెనీని పారిశ్రామికవేత్త కార్లో పెసెంటికి వదులుకోవలసి వచ్చింది. 1969లో దానిని కొన్నది ఫియట్ సంస్థ. డెబ్భై ఏళ్ళ క్రితం విన్చెంజో కార్లను నడిపి పరీక్షించిన సంస్థ అదే.